బొంబాయినుండి పోయిన వ్రాతప్రతి

ఈ సంచికకు చరిత్ర విషయకమైన వ్యాస మొకటి వ్రాయవలసినదని సంఘమువారు మమ్ము కోరినప్పుడు, మన పూర్వులు ఏ కాలమున ఏ త్రోవను ఈ ప్రాంతములకు వచ్చిరో, ఎచ్చట ఏ సత్రము కట్టించిరో, ఆ సంగతులనే మేము వ్రాయుదుమని వారు తలచియుందురు. ఆ సంగతులు మాకంటె బాగుగా నెరిగిన పెద్దలు మనలో పలువురు కలరు. మేము ముప్పదియేండ్లు కళాశాలలో భౌతికశాస్త్రము బోధించిన వారము. మాకు తెలిసిన చరిత్ర కొంత వేరు. కావున 1845వ సంవత్సరమున బొంబాయిలో ఒక ఉపాధ్యాయుడు వ్రాసి లండనుకు పంపిన వ్రాతప్రతి యొక్క కథను, దానితోపాటు శాస్త్రపత్రికలలో వ్యాసములను అచ్చునకు ముందు పరిశీలించు ఆచారము యొక్క కథను ఇచ్చట చెప్పదలచితిమి. స్వస్థలమునకు దూరముగా నుండి, ఎరుగనివారి తీర్పుకొరకు ఎదురుచూచుట ఎట్టిదో మన కుటుంబములకు క్రొత్తగా చెప్ప నక్కరలేదు.

పరీక్ష యనగా మనవారికి సభ జ్ఞాపకము వచ్చును. ప్రౌఢదేవరాయల కొలువులో శ్రీనాథుడు డిండిమభట్టుతో వాదించి ఆయన కంచుఢక్కను పగులగొట్టించెనని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. ఆ కథలో గెలుపోటముల మాట యటుంచి, ఒక సంగతి గమనింపదగినది. అడుగువాడు ఎదుట నుండెను. అతడు తప్పు పట్టినచో వెంటనే బదులు చెప్పవచ్చును; చెప్పలేనిచో ఆ సంగతి సభ యంతయు చూచును. శాస్త్రపత్రికల పరీక్ష అట్టిది కాదు. వ్రాసినవాడు ఒక ఊర, పరీక్షించువాడు వేరొక ఊర. పరీక్షకుని పేరు వ్రాసినవానికి తెలియదు. ఈ పరీక్షకుని ఆంగ్లేయులు రెఫరీ యందురు. బంతియాటలో ఈల యూదువానికి కూడ అదే పేరు. కాని ఆ రెఫరీని ఆటగాండ్రందరు చూడగలరు.

ఈ ఆచారము శాస్త్రముతోపాటే పుట్టినదని పలువురు తలతురు. అది సరికాదు. లండనులో రాయల్ సొసైటీ 1660లో ఏర్పడెను. దాని కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గు 1665 మార్చిలో ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్సు అను పత్రికను ప్రారంభించెను. ఆయన జర్మను దేశీయుడు, బ్రెమెను పట్టణమున పుట్టినవాడు. ఐరోపాఖండమునందలి పండితులతో ఎడతెగక ఉత్తరములు నడపెడివాడు. ఆ ఉత్తరముల మూలముననే ఆయనపై అనుమానము కలిగి, 1667లో కొంతకాలము లండను కోటలో ఖైదు చేసిరి. ఏ వ్యాసము అచ్చువేయవలెను, ఏది మానవలెను అనునది మొదట ఆయన యొక్కరి చేతిలోని పని. సందేహము కలిగినప్పుడు తెలిసినవారి నడిగెడివాడు. అంతకుమించిన ఏర్పాటు లేదు.

ఏర్పాటు లేకపోయినను పరీక్ష లేకపోలేదు. హాలెండు దేశమున డెల్ఫ్టు పట్టణములో లీవెన్‌హుక్ అను బట్టల వర్తకు డుండెను. ఆయనకు లాటిను రాదు. విద్యాపీఠము మెట్టెక్కినవాడు కాడు. తానే అరగదీసికొన్న చిన్న గాజుబిళ్లతో నీటిబొట్టును చూచి, దానిలో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు కదలుచున్నవని 1676 అక్టోబరులో లండనుకు డచ్చిభాషలో జాబు వ్రాసెను. వారు వెంటనే నమ్మలేదు. నమ్మనందుకు మేము వారిని తప్పుపట్టము. అయితే వారు జాబును మూలబెట్టలేదు. లీవెన్‌హుక్ తన ఊరి పెద్దమనుష్యులను పిలిచి, చూపించి, వారి సాక్ష్యపత్రములు పంపెను. లండనులో రాబర్టు హుక్ తానే భూతద్దము సిద్ధముచేసికొని, 1677 నవంబరులో ఆ జీవులను సభ్యులకు కన్నులార చూపించెను. బట్టల వర్తకుని మాట నిలిచినది.

1752లో రాయల్ సొసైటీ పత్రికను తన స్వాధీనము చేసికొని, వ్యాసముల నెన్నుటకు ఒక సంఘము నియమించెను. ఆ సంఘమువారు వ్యాసమునుగూర్చి పెద్దగా చర్చింపక, రహస్యముగా ఓట్లువేసి తేల్చెడివారు. కారణములు చెప్పు పద్ధతి లేదు. అచ్చయిన వ్యాసములోని సత్యాసత్యములకు తాము పూచీ కామని కూడ ప్రకటించుకొనిరి. ఇట్లు సుమారు ఎనుబది యేండ్లు గడచెను.

మార్పు 1831లో మొదలైనది. కేంబ్రిడ్జికి చెందిన విలియం హ్యూయెల్ ఒక సూచన చేసెను. ప్రతి ముఖ్యవ్యాసమును ఇద్దరు పండితులకిచ్చి, వారిచేత నివేదిక వ్రాయించి, ఆ నివేదికను కూడ ప్రకటింపవలెనని ఆయన కోరెను. ఆయన యుద్దేశము తప్పులు పట్టుట కాదు. మంచి వ్యాసమేదో, దానిలోని విశేష మేమో లోకమునకు తెలియజెప్పుటయే. మొదటి ప్రయత్నమునకు జార్జి ఎయిరీ వ్రాసిన వ్యాస మెన్నుకొనిరి. భూమి, శుక్రగ్రహము ఒకదానినొకటి ఆకర్షించుటచే వాని నడకలో దీర్ఘకాలమున కలుగు స్వల్పభేదమును లెక్కకట్టిన వ్యాస మది. పరీక్షకులు హ్యూయెల్, జాన్ లబ్బక్ అను నిరువురు.

ఈ లబ్బక్ పేరును పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ఆయన వృత్తిచే బ్యాంకరు, విద్యచే గణితజ్ఞుడు, ఖగోళశాస్త్రమున గట్టివాడు. రాయల్ సొసైటీకి కోశాధికారిగను పనిచేసెను. హ్యూయెల్ వ్యాసమును చదివి పొంగిపోయెను. లబ్బక్ అదే వ్యాసమును చదివి, లెక్క చేసిన తీరు సరిగా లేదని పట్టుపట్టెను. ఇద్దరి మధ్య ఉత్తరములు నడచెను. ఒకరు గ్రంథకర్త యొక్క ఆశయమును చూచుచుండిరి; మరియొకరు ప్రతిపంక్తిని చూచుచుండిరి. ఎయిరీ మార్పులకు ఒప్పుకొనలేదు. కడపట 1832లో ఇద్దరి చేవ్రాళ్లతో మెచ్చుకోలు నివేదిక వెలువడెను. మొదటి వ్యాసమునకే ఇద్దరు రెఫరీలు ఏకీభవింపలేదన్న సంగతి మాకు ఎప్పుడు తలచుకొన్నను నవ్వు తెప్పించును. నేటికిని, ఒకే వ్రాతప్రతిపై ఒకరు ఆహా యనగా మరియొకరు ఛీ యనుట పత్రికా కార్యాలయములలో నిత్యము జరుగు వ్యవహారమే.

హ్యూయెల్ తలచిన బహిరంగ నివేదికలు ఎంతో కాలము సాగలేదు. నివేదికలు వ్రాయుట మాత్రము నిలిచినది; అవి లోపలి కాగితములైనవి. మెచ్చుకొనుటకు పుట్టిన పద్ధతి కొలదికాలములోనే వడపోతకు పనిముట్టైనది. ఇందులో కొంత న్యాయ మున్నది. అచ్చువేయుటకు డబ్బు కావలెను, కాగితము కావలెను, పటములు చెక్కించవలెను. అన్నిటిని అచ్చువేయుట సాధ్యము కాదు. కాని బహిరంగముగా మెచ్చుకొనువాడు ఆచితూచి వ్రాసినట్లు, చాటున కాదనువాడు వ్రాయడు.

ఇక బొంబాయికి వత్తము. జాన్ జేమ్సు వాటర్‌స్టన్ 1811లో ఎడింబరోలో పుట్టెను. తండ్రిది లక్క, కాగితముల వ్యాపారము. ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి, లండనులో రైలుమార్గముల సర్వేలో కొంతకాలము, పిదప నావికాదళమువారి సముద్రపటముల శాఖలో కొంతకాలము పనిచేసెను. అచ్చటి యధికారి ఫ్రాన్సిస్ బోఫర్టు. గాలివేగమును అంకెలలో చెప్పు బోఫర్టు కొలమానము ఆయన పేరనే యున్నది. ఆయన ప్రాపకమున వాటర్‌స్టన్‌కు 1839లో బొంబాయిలో ఈస్టిండియా కంపెనీవారి నౌకాశిక్షార్థులకు చదువుచెప్పు ఉద్యోగము దొరికెను. పగలు పాఠములు, మిగిలిన వేళ తన లెక్కలు. 1857వరకు ఆయన అచ్చటనే యుండెను.

మహారాష్ట్రమందలి మన పాఠకులకు ఒక మాట. ఆ కాలమునాటికే మనవారు బొంబాయిలో కలరు. నైజాము రాజ్యమునుండి కూలిపనులకు, కట్టడపు పనులకు పోయిన కామాఠీల పేరనే అచ్చటి కామాఠిపురము ఏర్పడినది. వాటర్‌స్టన్ ఇల్లు వెడలి వచ్చిన త్రోవలలో మన తెలుగుమాట ఆయన చెవిని పడియే యుండునని మేము ఊహించుకొందుము. ఇది ఊహయే గాని చరిత్ర కాదు.

ఆయన ఆలోచించిన విషయ మిది. గాలి తిత్తిలో నింపినచో అది తిత్తిగోడలను లోపలనుండి త్రోయును. ఎందుచేత? ఆనాటి పండితులలో పెక్కురు, గాలిలోని కణములు ఉన్నచోటనే యుండి ఒకదానినొకటి దూరముగా నెట్టుకొనుచున్నవని తలచెడివారు. వాటర్‌స్టన్ అట్లు కాదనెను. ఆ కణములు క్షణమైన నిలువక అన్ని దిక్కులకు పరుగెత్తుచు, గోడలకు తగిలి వెనుకకు మరలుచున్నవి. చేటను నిలువుగా పట్టుకొని దానిమీద ఎడతెగక గింజలు విసరినచో చేట వెనుకకు త్రోయబడును గదా; గింజలు విడివిడిగా తగిలినను చేతికి ఒకే ఒత్తిడిగా తోచును. వాయుపీడన మట్టిదే. ఇక వేడిమి యనగా ఏమి? ఆ కణముల పరుగే. పరుగు వేగము రెట్టింపైనచో వేడిమి నాలుగింత లగును. రెండు వేర్వేరు వాయువులు ఒకే వేడిమిలో నున్నప్పుడు, బరువైన కణములు మెల్లగను తేలికవి వడిగను పరుగెత్తుచు, సగటున అన్నియు ఒకే శక్తిని కలిగియుండును. ఈ కడపటి మాట నేటి భౌతికశాస్త్రపు మూలస్తంభములలో నొకటి. మేము ఏటేట బి.ఎస్సీ. విద్యార్థులకు నల్లబల్లపై వ్రాసి చూపిన సూత్ర మది. వారికి వాటర్‌స్టన్ పేరు చెప్పలేదు, ఏలయన మాకే చాలకాలము తెలియదు.

ఆయన వ్యాసమును శుభ్రముగా వ్రాసి బోఫర్టు మూలముగా రాయల్ సొసైటీకి చేర్చెను. 1845 డిసెంబరు 11వ తేదీన అది వారికి ముట్టెను. 1846 మార్చి 5వ తేదీన సభలో చదువబడెను. దాని సారాంశము కొలది పంక్తులలో ప్రకటింపబడెను. పూర్తిపాఠము అచ్చుకు తగునా తగదా యను ప్రశ్న మాత్రము ఇద్దరు రెఫరీల కప్పగింపబడెను.

వారిలో ఒకరు ఆక్స్‌ఫర్డులో గణితాచార్యుడైన బేడెన్ పవెల్. స్కౌటు ఉద్యమమును స్థాపించిన బేడెన్ పవెల్ ఈయన కుమారుడే. వ్యాసమునకు ఆధారమైన మూలసూత్రమే ఒప్పుకొనుటకు చాల కష్టముగా నున్నదని ఆయన వ్రాసెను. రెండవవారు మన లబ్బక్. ఎయిరీ వ్యాసమును పంక్తిపంక్తి పరీక్షించి, పదునాలుగేండ్ల క్రిందట మిత్రునితో వాదులాడిన ఆ మనిషియే, ఈ వ్యాసము వట్టి అర్థములేని వ్రాత యనియు, సభలో చదువుటకైనను తగదనియు తేల్చివేసెను. ఎయిరీ కేంబ్రిడ్జి ఆచార్యుడు. వాటర్‌స్టన్ బొంబాయిలో పిల్లలకు నావికావిద్య చెప్పువాడు. ఈ భేదమే తీర్పునకు కారణమని మేము నిశ్చయించి చెప్పజాలము. లబ్బక్‌కు ఆ విషయమే నచ్చకపోయియుండవచ్చును. కాని ఎయిరీపై ఆయన చూపిన శ్రమలో పదవవంతైనను ఇచ్చట చూపినట్లు కానరాదు. మాకు కోపము తెప్పించునది నిరాకరణ కాదు, ఆ బద్ధకము.

ఈ తీర్పుకంటె పెద్ద నష్టము ఒక నిబంధనవలన కలిగెను. సభలో చదువబడిన వ్యాసము సొసైటీవారి సొత్తగును, తిరిగి యియ్యరు. వాటర్‌స్టన్ మరియొక ప్రతి తనవద్ద నుంచుకొనలేదు. ఈ కాలపు పిల్లలకు ఇది వింతగా తోచును. కార్బను కాగితపు వాడుక అప్పటికి వ్యాపింపలేదు, వ్రాతకు ఫోటో నకలు తీయు యంత్రము లేదు. దీర్ఘవ్యాసమును రెండవసారి చేతితో వ్రాయవలెనన్నచో దినములు పట్టును. ఆ విధముగా ఆయన వ్రాత లండనులో బీరువా పాలైనది. వేరొక పత్రికకు పంపుదమన్నను చేతిలో ఏమియు లేదు. ఆయనకు పాతికేండ్లు ముందు, 1820లో, బ్రిస్టలు వాసియైన జాన్ హెరపత్ ఇంచుమించు ఇటువంటి భావములతో వ్యాసము పంపి, హంఫ్రీ డేవీ సమ్మతింపకపోగా దానిని వెనుకకు తీసికొని, 1821లో వేరొక పత్రికలో అచ్చు వేయించుకొనెను. హెరపత్‌కు దొరికిన ఆ రెండవ వాకిలి వాటర్‌స్టన్‌కు మూసికొనిపోయినది.

1851లో బ్రిటిషు అసోసియేషను సభకు ఆయన తన భావముల సంగ్రహమును పంపెను. ఎవరును పట్టించుకొనలేదు. 1856లో జర్మనీలో క్రోనిగ్, 1857లో క్లాసియస్, 1860లో మాక్స్‌వెల్ ఆ మార్గముననే వ్యాసములు ప్రకటించిరి. వాయువుల గతిసిద్ధాంతమునకు వారి పేళ్లే స్థిరపడినవి. వారు దొంగిలినవారు కారు. వాటర్‌స్టన్ పూర్తివ్యాసమును వారు చూచియుండలేదు. 1857లో ఆయన స్కాట్లండుకు తిరిగిపోయి, తన చిన్నపాటి ఆదాయముతో శాస్త్రవ్యాసంగమునందే కాలము గడపెను. 1858లో శబ్దమునుగూర్చి ఒక పత్రికలో వ్రాయుచు, బీరువాలో పడియున్న తన పాతవ్యాసము నొకమాటు పేర్కొనెను. అంతకుమించి గోలపెట్టలేదు. పండితసభల పేరెత్తినచో మాత్రము కటువుగా మాటలాడెడివాడని బంధువులు తరువాత చెప్పిరి. 1883 జూను 18వ తేదీన ఇల్లు వెడలి నడకకు పోయినవాడు మరల రాలేదు. కాలువలో పడిపోయెనని తలచిరి.

ఆయన పోయిన ఎనిమిదేండ్లకు, 1891లో, రాయల్ సొసైటీ కార్యదర్శిగా నున్న రేలీ ప్రభువు ఆ 1858 నాటి శబ్దవ్యాసమును చదువుచు, పాతవ్యాసపు ప్రస్తావన చూచి, బీరువాలు వెదకించెను. వ్రాతప్రతి చెక్కుచెదరక యున్నది. చదివి ఆశ్చర్యపడి, 1892లో తన పీఠికతో ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్సులోనే అచ్చు వేయించెను. ఈ వ్యాసమును ఆనాడే ప్రకటింపకపోవుటచే ఆ శాఖ పదిపదునైదేండ్లు వెనుకబడెనని ఆయన అందులో ఒప్పుకొనెను. ఆ నిజాయితీకి మేము నమస్కరింతుము.

అయితే ఆ పీఠికలోనే రేలీ ప్రభువు యువకులకొక హితవు చెప్పెను. పేరు లేనివారు పెద్ద ఊహలతో నిండిన వ్రాతలను మొదటనే పండితసభలకు పంపరాదట. మొదట చిన్నచిన్న పనులతో గుర్తింపు సంపాదించి, పిదప పెద్దవానికి పూనుకొనవలెనట. లోకజ్ఞానము గల మాటయే. కాని తప్పు చేసినవారు బీరువా తాళము దగ్గర నుంచుకొన్నవారైనప్పుడు, హితవును వ్రాసినవానికి చెప్పుట మాకు రుచింపలేదు. పెద్దలకు పేరెన్నిక కలిగినవారి మాటయే మొదట వినబడును. ఇది మన సంఘములలోను కలదు.

రెఫరీలు లేకున్న బాగుండునని మా అభిప్రాయము కాదు. వాటర్‌స్టన్ వ్యాసములోనే వాయువుల విశిష్టోష్ణముల నిష్పత్తినిగూర్చిన లెక్కలో ఒక పొరపాటు కలదు. శ్రద్ధగల పరీక్షకుడు దానిని పట్టుకొని, దిద్ది పంపుమని బొంబాయికి నాలుగు పంక్తులు వ్రాసియున్నచో, వ్యాసము మరింత గట్టిదై వెలువడియుండెడిది. ఆ పొరపాటును చూపినవాడు కూడ లేడు. చదువలేదు గనుక.

చదివిన రెఫరీ ఏమి చేయగలడో 1936లో నడచిన వేరొక కథ చెప్పును. ఐన్‌స్టైన్ అప్పటికి అమెరికాలో ప్రిన్స్‌టనులో నుండెను. నాథన్ రోజెన్‌తో కలిసి, గురుత్వతరంగములు ఉండజాలవను అర్థము వచ్చు వ్యాసమును ఫిజికల్ రివ్యూ అను పత్రికకు పంపెను. సంపాదకుడు జాన్ టేట్ దానిని ఒక రెఫరీకి చూపించి, ఆయన వ్రాసిన పదిపుటల విమర్శను చేర్చి ఐన్‌స్టైన్‌కు తిప్పిపంపెను. ఐన్‌స్టైన్ మండిపడెను. వ్యాసమును అచ్చుకొరకు పంపితిమి గాని, అచ్చుకు ముందు నిపుణులకు చూపుటకు మేము అనుమతి యియ్యలేదని జూలై 27వ తేదీన జాబు వ్రాసి, వ్యాసమును వెనుకకు తీసికొనెను. జర్మనీ పత్రికలలో ఆయనకు ఇట్టి అలవాటు లేకుండెను. ఆ రెఫరీ హోవర్డు రాబర్ట్‌సన్ అను ప్రిన్స్‌టను ఆచార్యుడు. ఆయన తాను రెఫరీనని చెప్పకయే, ఐన్‌స్టైన్ సహాయకుడైన ఇన్‌ఫెల్డుతో స్నేహముగా మాటలాడుచు లోపమును చూపెను. 1937లో ఆ వ్యాసము ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూటు పత్రికలో వెలువడునప్పటికి దాని తీర్మానము తారుమారైయుండెను. రాబర్ట్‌సన్ పేరు 2005లో గాని లోకమునకు రూఢిగా తెలియలేదు. బొంబాయి ఉపాధ్యాయుని రెండు ముక్కలతో తోసివేసినవారు కలరు. ప్రపంచమున ఎల్లరకంటె పేరుగల వానికి పది పుటలు వ్రాసి తప్పు చూపినవారు కలరు. రెండును రెఫరీ పనులే.

ఇంత చెప్పి మా సంగతి దాచుట ధర్మము కాదు. మేము కూడ ఒక పత్రికకు కొన్నియేండ్లు వ్రాతప్రతులు పరిశీలించితిమి. జీతము లేని పని. రాత్రి భోజనానంతరము చేయునది. ఒకమారు చిన్న పట్టణములోని కళాశాలనుండి ఒక యువకుని వ్యాసము వచ్చెను. ఇంగ్లీషు పేలవముగా నుండెను. ప్రయోగమునకు వాడిన పరికరములు ఇంటిలో చేసికొన్నట్టివి. రెండు పుటలు చదివి, సెలవులలో చూతమని బల్లక్రింది సొరుగులో నుంచితిమి. అయిదు నెలలు గడచెను. సంపాదకుడు రెండుమారులు జ్ఞాపకము చేసినపిదప, భాష దిద్దుకొనవలసినదనియు, ఫలితములు నమ్మదగినవిగా లేవనియు ఒక పేరా వ్రాసి పంపివేసితిమి. ఆ మరుసటి సంవత్సరము అదే ఫలితము విదేశపు ప్రయోగశాలనుండి వెలువడినది. మేము మరల సొరుగు తెరచి, మావద్ద మిగిలిన నకలు చదివితిమి. మూడవ పుటలో, మేము నమ్మలేని అంకెకు ఆ యువకుడు కారణము చెప్పియే యుండెను. మేము మూడవ పుటకు పోలేదు. ఆతనికి జాబు వ్రాయుటకు వీలులేదు; రెఫరీ పేరు తెలియరాదు గదా. ఆ నిబంధన ఆనాడు మమ్ము కాపాడినది. లబ్బక్‌ను తిట్టునప్పుడెల్ల ఆ సొరుగు మాకు జ్ఞాపకము వచ్చును.

దూరమున నున్నవాడు ఏమి చేయవలెను? మన దేశమున కొందరు చేసిన పని, పత్రికను తమవద్దకే తెచ్చుకొనుట. కలకత్తాలో 1926లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్సు మొదలైనది. రామన్‌గారు 1928 మార్చి 16వ తేదీన బెంగుళూరులో క్రొత్త కాంతినిగూర్చి ఉపన్యసించి, దానిని ఆ పత్రికలోనే వెంటనే అచ్చువేయించి లోకమంతటికి పంపిరి. లండనునుండి అనుమతి వచ్చువరకు కూర్చుండలేదు. 1932లో బెంగుళూరునుండి కరెంట్ సైన్సు వెలువడెను. 1934లో రామన్‌గారు అచ్చటనే ఇండియన్ అకాడమీని స్థాపించి, దానికి స్వంత పత్రిక నేర్పరచిరి. 1933లో మహలనోబిస్ కలకత్తాలో సంఖ్య యను పత్రికను ప్రారంభించెను.

సంఖ్య పేరు చెప్పినప్పుడు మనవాడైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారి పేరు చెప్పక తీరదు. ఆయన 1920లో, నేడు కర్ణాటకములో చేరియున్న హూవిన హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. చదువు ఆంధ్రదేశమున సాగి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితశాస్త్రపు ఎం.ఏ. పుచ్చుకొని, కలకత్తా చేరిరి. తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు సమాధానము వెదకుచు ఆయన కనుగొన్న ఫలితము 1945లో కలకత్తా గణితసంఘము బులెటినులో అచ్చయ్యెను. ఏ అంచనాయు ఇంతకంటె సూక్ష్మముగా నుండజాలదని చెప్పు ఆ హద్దునకు నేడు లోకమంతట క్రామెర్-రావు హద్దు అని పేరు. లండనులో గాక కలకత్తాలో అచ్చయినందున దాని విలువ తగ్గలేదు. తరువాత రావుగారే సంఖ్యకు చాలయేండ్లు సంపాదకులైరి. వ్రాతప్రతిని పంపి ఎదురుచూచిన కుర్రవాడు, ఎదురుచూచువారి వ్రాతప్రతులను చేతబట్టిన పెద్దవాడైనాడు. ఆయన 2023లో, నూటరెండేండ్లు నిండినపిదప కీర్తిశేషులైరి.

అచ్చుకు ముందు పరీక్ష సర్వత్ర తప్పనిసరి యగుట మనము తలచుకొన్నంత పాతసంగతి కాదు. నేచర్ పత్రిక 1953లో వాట్సను, క్రిక్ పండితుల డీఎన్ఏ వ్యాసమును రెఫరీలకు పంపకయే అచ్చువేసెను; ప్రతి వ్యాసమును బయటివారిచేత పరీక్ష చేయించు నియమము అచ్చట 1973లో వచ్చినది. నకలు తీయు యంత్రములు కార్యాలయములలో చేరినపిదప ఒకే వ్రాతను ఇద్దరు ముగ్గురికి పంపుట సులువైనది. ఇప్పుడు కాగితమే లేదు, క్షణములో పోవును. సొరుగులు మాత్రము వేరు రూపమున ఉన్నవి. కొన్ని పత్రికలు వ్రాసినవాని పేరు కూడ రెఫరీకి తెలియకుండ దాచుచున్నవి. మరికొన్ని, హ్యూయెల్ కోరినట్లే, రెఫరీల నివేదికలను వ్యాసముతోపాటు ప్రకటించుచున్నవి.

రాయల్ సొసైటీవారు 1832నుండి వచ్చిన రెఫరీ నివేదికలను పారవేయక భద్రపరచిరి. ఇటీవల వానికి ఫోటోలు తీయించి అందరకు అందుబాటులో నుంచిరి. వాటర్‌స్టన్ వ్యాసమునుగూర్చి బేడెన్ పవెల్ వ్రాసినదియు, లబ్బక్ వ్రాసినదియు ఆ కాగితములలోనివే. 1846లో చాటున వ్రాసిన ఆ తీర్పులను బెంగుళూరులో గాని, షోలాపురములో గాని, బరంపురములో గాని, యానాములో గాని కూర్చున్న కళాశాల విద్యార్థి యెవడైనను నేడు తెరచి చదువవచ్చును.